లోలకం ఎక్కడ వేలాడుతోంది?

ఈసారి కూడా కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. తీరిక చేసుకుని చదవండి.

విషయం లోలకం. అంటే గోడ గడియారం కింద అటూ ఇటూ ఊగే గుండు. ఇప్పుడు మన ఇళ్ళలో అలాంటి గడియారాలు లేవు, సమయం సెల్లు చూసి తెలుసుకుంటున్నాం. మరి ఈ పాత సామాను గురించి ఎందుకు అంటారా? లోలకం మన ఊళ్ళను వదిలిపెట్టలేదు కాబట్టి. వల్లూరు చుట్టుపక్కల ఏ పొలంలో బోరు వేయాలన్నా ఈరోజుకీ ఎవరో ఒకరు దారానికి గుండు కట్టి నడుస్తారు, లేదా అరచేతిలో టెంకాయ పెట్టుకుని, కవకొమ్మ పుల్ల పట్టుకుని నడుస్తారు. గుండు ఎక్కడ ఊగితే అక్కడ లక్షల రూపాయలు నేలలోకి పోతాయి. ఆ ఊగుడును ఎంతవరకు నమ్మాలో తెలియాలంటే లోలకం చరిత్ర కొంచెం తెలియాలి. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన దారి మన ప్రాంతం పక్కనుంచే పోయింది.

ముందు మాట సంగతి చూద్దాం. మనలో కన్నడ మీడియం చదివినవాళ్ళు బడిలో 'లోలక' అని నేర్చుకున్నారు. ఇంట్లో మాత్రం అమ్మమ్మల చెవులకు వేలాడేవి లోలాకులు. రెండిటికీ మూలం ఒక్కటే. లోల అంటే కదిలేది, ఊగేది. సంస్కృతంలో డోల అంటే ఊయల. గుళ్ళో డోలోత్సవం అంటే స్వామిని ఊయలలో ఊపడం. మనసు ఏ సంగతీ తేల్చుకోలేకపోతే 'డోలాయమానంగా ఉంది' అంటాం. మామూలు మాటల్లో అయితే ఊగిసలాట. పెళ్ళి సంబంధం దగ్గర, పొలం అమ్మకం దగ్గర, ఎన్నికల్లో ఓటు దగ్గర మనవాళ్ళు ఊగిసలాడతారు. అంటే మన భాషలో ఊగడం బలహీనతకు గుర్తు. ఊగేవాణ్ణి నమ్మకూడదు అని అర్థం.

విచిత్రం ఏమిటంటే, ఊగేదాన్నే పట్టుకుని మనుషులు ప్రపంచంలో అన్నిటికంటే నమ్మకమైన కొలతలు కొలిచారు. సుమారు 270 ఏళ్ళపాటు లోకంలో అతి కచ్చితమైన గడియారాలన్నీ లోలకం మీదే నడిచాయి. అది ఎలా సాధ్యమైంది?

చింతచెట్టుకు కట్టిన ఉయ్యాలను గుర్తు తెచ్చుకోండి. మెల్లగా ఊపినా, కొంచెం గట్టిగా ఊపినా, అటుపోయి ఇటు రావడానికి పట్టే సమయం దాదాపు ఒకటే. ఎక్కువ దూరం పోయినప్పుడు వేగం కూడా పెరుగుతుంది, లెక్క సరిపోతుంది. దారానికి చిన్న రాయి కట్టినా పెద్ద రాయి కట్టినా సమయం మారదు. మారేది దారం పొడవును బట్టి మాత్రమే. పొడవు నాలుగింతలు చేస్తే సమయం రెండింతలవుతుంది. ఇటలీలో గెలీలియో ఈ సంగతిని పట్టుకున్నాడు. పీసా చర్చిలో ఊగే దీపాన్ని చూసి, తన నాడితో సమయం లెక్క పెట్టాడని ఆయన శిష్యుడు వివియానీ రాసిపెట్టాడు. ఆ దీపం కథ ఎలా ఉన్నా, 1602లో గెలీలియో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో లోలకం గురించిన చర్చ ఉంది.

దాన్ని గడియారంలో పెట్టినవాడు హాలెండు దేశపు క్రిస్టియాన్ హైగెన్స్, 1656లో. అంతకు ముందు యంత్ర గడియారాలు రోజుకు పావుగంట అటూ ఇటూ పోయేవి. లోలకం వచ్చాక ఆ తప్పు రోజుకు పదిహేను సెకన్లకు తగ్గింది. మన పెద్దలకు సమయం కొలవడం తెలియక కాదు. నీళ్ళ తొట్టిలో అడుగున చిల్లు ఉన్న గిన్నెను వదిలితే అది నిండి మునిగేంత సమయం ఒక గడియ, అంటే 24 నిమిషాలు. రోజుకు 60 గడియలు. గడియలో అరవయ్యో వంతు విఘడియ, అంటే 24 సెకన్లు. పంచాంగంలో ఈరోజుకీ తిథులూ నక్షత్రాలూ ఈ లెక్కలోనే ఉంటాయి. గడియారం అనే మాటే అక్కడి నుంచి వచ్చింది. అయితే గిన్నెకు కాపలా మనిషి కావాలి. లోలకానికి కావలసింది కొంచెం తోపు, పైన ఒక గట్టి కొక్కెం.

ఈ కొక్కెం అన్న మాట గుర్తు పెట్టుకోండి. మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త దక్షిణ అమెరికాలోని కేయన్‌కు వెళ్ళాడు. అది భూమధ్యరేఖకు దగ్గరి ఊరు. పారిస్‌లో సరిగ్గా నడిచిన లోలకం గడియారం అక్కడ రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది. గడియారం చెడిపోలేదు. లోలకాన్ని రెండు మూడు మిల్లీమీటర్లు పొట్టిగా చేస్తే మళ్ళీ సరిగ్గా నడిచింది. అంటే కేయన్‌లో భూమి ఆ గుండును కొంచెం తక్కువగా లాగుతోంది. 1687లో న్యూటన్ తన గ్రంథంలో దీనికి అర్థం చెప్పాడు: భూమి పూర్తి గుండ్రంగా లేదు, నడుము దగ్గర కొంచెం ఉబ్బి ఉంది, పైగా తన చుట్టూ తాను తిరుగుతోంది. అప్పటినుంచి లోలకం సమయంతో పాటు భూమి ఆకర్షణను కూడా కొలిచే పరికరమైంది.

ఇది మన ఊరికీ వర్తిస్తుంది. లండన్‌లో సరిచేసిన లోలకం గడియారాన్ని అలాగే తెచ్చి పావగడలో వేలాడదీస్తే అది రోజుకు సుమారు రెండుంబావు నిమిషాలు వెనకబడుతుంది. సెకనుకు ఒకసారి 'టిక్' అనే లోలకం పొడవు లండన్‌లో 99.4 సెంటీమీటర్లు. మన దగ్గర 99.1 చాలు. మూడు మిల్లీమీటర్ల తేడా, అంతే. మన పిల్లలు దారం, రాయి, టేపు తీసుకుని ఇంట్లోనే చేయవచ్చు. దారం కట్టిన చోటు నుంచి రాయి మధ్య వరకు 99 సెంటీమీటర్లు కొలిచి, యాభైసార్లు అటుపోయి ఇటు రావడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. వంద సెకన్లకు దగ్గరగా వస్తుంది. లక్షల రూపాయల పరికరం లేకుండా భూమి బలాన్ని తూచినట్టే.

ఇక మన ప్రాంతం దగ్గరికి వద్దాం. మేస్త్రీ గోడ నిలువు చూడటానికి దారానికి ఇనుప గుండు కట్టి వదులుతాడు కదా, అది ఊగడం మానేసిన లోలకం. ఆ దారం చూపే దిక్కే కిందికి అని మనం అనుకుంటాం. దేశం మొత్తాన్ని కొలిచినవాళ్ళు కూడా దాన్నే నమ్మారు. 1802 ఏప్రిల్‌లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర కర్నల్ విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణ సర్వే కన్యాకుమారి నుంచి హిమాలయాల దాకా సాగింది. దాని వెన్నెముక 78వ రేఖాంశం దగ్గరగా ఉత్తర దక్షిణాలుగా పోయింది. బెంగళూరు దగ్గర ఒక ఆధార రేఖ, 1811లో గుత్తి దగ్గర ఇంకొకటి కొలిచారు. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం, గుత్తి 15 డిగ్రీలు. మన పావగడ 14 డిగ్రీలు. రెండిటికీ నడుమ మనం ఉన్నాం.

ఆ కొలతలు ఉత్తరాదికి వెళ్ళేసరికి ఒక చిక్కు వచ్చింది. కలియాన్‌పూర్, కలియానా అనే రెండు చోట్ల మధ్య దూరాన్ని నేల మీద త్రికోణాలతో కొలిస్తే ఒక లెక్క, నక్షత్రాలు చూసి లెక్కిస్తే ఇంకో లెక్క. తేడా 5 సెకన్ల కోణం పైచిలుకు, అంటే నేల మీద సుమారు 160 మీటర్లు. కలకత్తాలో మతాచార్యుడిగా ఉన్న జాన్ ప్రాట్ గణితంలో దిట్ట. హిమాలయాల బరువు గుండును తన వైపు లాగి దారాన్ని పక్కకు వంచుతోందేమో అని 1855లో లెక్క కట్టాడు. లెక్క ప్రకారం తేడా 5 సెకన్లు కాదు, దాదాపు 16 సెకన్లు ఉండాలి! అంత పెద్ద కొండలు లాగవలసినంత లాగడం లేదు. కొండల కింద ఏదో తేలికగా ఉంది అన్న ఆలోచన అలా పుట్టింది. అదే ఏడాది జార్జ్ ఎయిరీ ఒక వివరణ ఇచ్చాడు, తర్వాత ప్రాట్ ఇంకో వివరణ ఇచ్చాడు. నీళ్ళలో మంచుగడ్డ తేలినట్టు కొండలు లోతైన తేలిక వేళ్ళ మీద తేలుతున్నాయన్న నేటి భూగర్భ శాస్త్రానికి ఈ గుండూ దారమే ఆరంభం.

దీన్ని తేల్చడానికి ఊగే లోలకం కావలసి వచ్చింది. కెప్టెన్ జేమ్స్ పల్లాడియో బాసెవి అనే సర్వే అధికారికి ఆ పని అప్పగించారు. లండన్ రాయల్ సొసైటీ రెండు లోలకాలు అరువిచ్చింది. ఒక్కొక్కటి ఇత్తడి కడ్డీ, దానికి చదునైన బరువు, పైన కత్తి అంచు. ఆ అంచు అగేటు రాతి పలకల మీద ఆనుతుంది. గాలి అడ్డు లేకుండా మూసిన పాత్రలోంచి గాలి తీసేసి ఊపేవారు. పక్కనే నడిచే గడియారంతో పోల్చి ఊపులు లెక్కపెట్టేవారు. ఇత్తడి ఒక్క డిగ్రీ వేడెక్కితే రోజుకు దాదాపు ఒక సెకను తేడా వస్తుంది. అందుకని వేడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మన ఎండల్లో ఆ పని ఎంత కష్టమో ఊహించుకోండి.

1865 నుంచి బాసెవి ఆ లోలకాలను దేశమంతా తిప్పాడు. కన్యాకుమారి దగ్గరి పున్నై, బెంగళూరు, గుత్తి దగ్గర సర్వే కాగితాల్లో నామ్తాబాద్ అని రాసిన చోటు, ఇప్పుడు తెలంగాణలో ఉన్న కొడంగల్, ఇంకా పైన దామర్‌గిద్ద. తీరాల్లో మద్రాసు, మంగళూరు, మన కాకినాడ. సముద్రంలో మినికాయ్ దీవి. బెంగళూరు నుంచి నామ్తాబాద్‌కు పోయే దారి మనకు ఎంత దగ్గరో పటం తీసి చూడండి. తేలింది ఏమిటంటే, తీరంలో ఆకర్షణ లెక్క కంటే ఎక్కువ, దీవిలో ఇంకా ఎక్కువ, దేశం లోపల తక్కువ, కొండల్లో మరీ తక్కువ. ప్రాట్ అనుమానానికి బలం దొరికింది. చివరి కొలతల కోసం బాసెవి లద్దాఖ్‌లోని మోరే మైదానానికి వెళ్ళాడు, పదిహేను వేల అడుగులకు పైన. ఇంకా ఎత్తుకు పోయి కొలవాలనుకున్నాడు. 1871 జూలైలో ఆ చలిలో, పలుచని గాలిలో చనిపోయాడు. మిగిలిన పని కెప్టెన్ హెవిసైడ్ పూర్తిచేశాడు.

కథ ఇక్కడితో ముగిస్తే బాగానే ఉంటుంది. కానీ మనకు అసలు పనికొచ్చే భాగం దీని తర్వాతే వస్తుంది.

1870లలో చార్లెస్ పీర్స్ అనే అమెరికన్ ఒక అనుమానం లేవనెత్తాడు. లోలకం ఊగేటప్పుడు దాన్ని మోసే ఆసరా కూడా కంటికి కనబడనంత సన్నగా ఊగుతోంది. ఆ కదలిక లోలకం సమయాన్ని మారుస్తోంది. యూరప్‌లో అప్పటిదాకా కొలిచిన అంకెల్లో ఈ తప్పు కలిసిపోయిందని ఆయన లెక్కలతో చూపాడు. మొదట అక్కడి పండితులు ఒప్పుకోలేదు, తర్వాత ఒప్పుకోక తప్పలేదు. బాసెవి రోజుల్లో ఈ సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. 1903 తర్వాత సర్వే ఆఫ్ ఇండియా అధికారి లెనాక్స్ కానింగ్‌హామ్ కొత్తరకం పొట్టి లోలకాలతో మళ్ళీ కొలతలు మొదలుపెట్టాడు. ఆసరా కదలికను కూడా కొలిచి తీసేసే పద్ధతి అప్పటికి వచ్చింది. బాసెవి అంకెల్లో కొన్నిటిని సవరించవలసి వచ్చింది. కొండల కింద తేలిక ఉందన్న మూల విషయం మాత్రం నిలబడింది.

ప్రాణం పెట్టి కొలిచిన మనిషి నిజాయితీ మీద ఎవరికీ అనుమానం లేదు. అయినా మళ్ళీ కొలిచారు. లోలకం చెప్పేది నిజమా కాదా అన్నది గుండు మీద కాదు, అది వేలాడే చోటు మీద ఆధారపడి ఉంటుంది. కొక్కెం కదలకపోతే లోలకం భూమి గురించి చెబుతుంది. కొక్కెం కదిలితే కొక్కెం గురించి చెబుతుంది.

దీనికి ఇంకో అందమైన రుజువు ఉంది. 1851లో పారిస్ పాంథియాన్‌లో లియాన్ ఫూకో 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండు కట్టి ఊపాడు. గంటలు గడిచేకొద్దీ గుండు ఊగే దిక్కు నేల మీద మెల్లగా తిరుగుతూ కనిపించింది. నిజానికి తిరిగింది గుండు కింద ఉన్న నేల, దానితో పాటు పారిస్ నగరమంతా. 2023లో తెరిచిన ఢిల్లీ కొత్త పార్లమెంటు భవనంలో అలాంటి లోలకమే ఉంది. 36 కిలోల గుండు, పైకప్పు నుంచి వేలాడుతుంది. ఢిల్లీలో ఆ దిక్కు ఒక చుట్టు తిరగడానికి దాదాపు 50 గంటలు పడుతుంది. అదే లోలకాన్ని మన పావగడలో వేలాడదీస్తే 98 గంటలు, అంటే నాలుగు రోజుల పైన. భూమధ్యరేఖ మీద అసలు తిరగదు. ఢిల్లీ వెళ్ళినప్పుడు వీలైతే పిల్లలకు చూపించండి.

ఇప్పుడు కొక్కెం లేని లోలకం దగ్గరికి వద్దాం. అంటే మనిషి వేళ్ళ మధ్య వేలాడే లోలకం.

దీన్ని పరీక్షించినవాడు మిషెల్ షెవ్రోల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త. నూట రెండేళ్ళు బతికిన మహానుభావుడు. పాదరసం పైన దారానికి కట్టిన ఉంగరం పట్టుకుంటే అది దానంతట అది ఊగుతుందని ఆ రోజుల్లో చెప్పుకునేవారు. ఆయన పట్టుకున్నాడు, నిజంగానే ఊగింది. పాదరసానికీ లోలకానికీ మధ్య గాజు పలక పెడితే ఆగింది. అంతటితో నమ్మి ఊరుకుంటే కథ వేరేగా ఉండేది. ఆయన చేతిని ఒక కొయ్య మీద ఆనించి చూశాడు. ఆసరా వేళ్ళకు దగ్గరయ్యేకొద్దీ ఊపు తగ్గింది. తర్వాత కళ్ళకు గంతలు కట్టుకుని, గాజు పలక ఎప్పుడు పెడుతున్నారో తనకు తెలియకుండా ఏర్పాటు చేయించాడు. ఇక పలక ఉన్నా లేకపోయినా లోలకానికి పట్టలేదు. ఊపింది పాదరసం కాదు, తన చెయ్యి. తను ఊపుతున్నానని తనకే తెలియకుండా! 1833లో ఈ సంగతంతా ఆంపియర్‌కు రాసిన బహిరంగ లేఖలో ప్రకటించాడు.

మన జల చూసేవాళ్ళను మోసగాళ్ళని నేను అనను. వాళ్ళలో చాలామంది తమ చేతిలోని గుండు దానంతట అదే తిరుగుతోందని మనసారా నమ్ముతారు. షెవ్రోల్ చూపింది అదే, మోసం లేకపోయినా చెయ్యి ఊపగలదు. పొలంలో ఏపుగా పెరిగిన చెట్టు ఉంటే, వంక వాలు ఉంటే, పక్కవాడి బోరులో నీళ్ళు పడ్డాయని తెలిస్తే ఆ తెలివి కళ్ళలోంచి వేళ్ళలోకి దిగుతుంది. రైతు మొహంలో ఆశ కనిపించినా దిగుతుంది.

అనుభవంతో నీటి ఆనవాళ్ళు పట్టడం వేరే విద్య. వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళం అని ఒక అధ్యాయమే రాశాడు. ఏ చెట్టుకు ఏ పక్కన పుట్ట ఉంటే ఎంత లోతులో నీరు ఉంటుందో అందులో చెప్పాడు. అవన్నీ సరైనవని కాదు. కానీ అవి బయట కనిపించే గుర్తులు, ఎవరైనా పోయి చూసి అవునో కాదో తేల్చుకోవచ్చు. వేళ్ళలో ఊగే గుండుకు అలాంటి వీలు లేదు.

జర్మనీలో 1980లలో దీని మీద పెద్ద పరీక్షే జరిగింది. ఒక కొట్టం కింది అంతస్తులో నీళ్ళు పారే గొట్టాన్ని ఎక్కడంటే అక్కడికి జరుపుతూ, పై అంతస్తులో ఉన్నవాళ్ళను అది ఎక్కడుందో చెప్పమన్నారు. వందలమందిలోంచి ఏరి తీసిన 43 మంది మీద 843 పరీక్షలు చేశారు. ఆ అంకెలను జిమ్ ఎన్‌రైట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1990లలో మళ్ళీ విడదీసి చూస్తే, ఊరికే ఊహించి చెప్పినదానికీ వీళ్ళు చెప్పినదానికీ తేడా కనిపించలేదు.

మరి మన దగ్గర కొందరు చూపిన చోట నీళ్ళు పడుతున్నాయి కదా అంటారు. పడతాయి. మన కింద ఉన్నది రెండువందల యాభై కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటూ అలాంటి గట్టి రాయే. అందులో నీరు పగుళ్ళలో ఉంటుంది. ఎక్కడ దించినా ఏదో ఒక పగులు తగిలే అవకాశం కొంత ఉంటుంది. తగిలితే జల చూసినాయన పేరు పది ఊళ్ళకు పాకుతుంది. తగలకపోతే 'మా తలరాత' అని రైతు తన మీదే వేసుకుంటాడు. ఎండిన బోర్లు ఎవరి ఖాతాలోనూ పడవు. అందుకే ఏ పద్ధతి ఎంత పనిచేస్తోందో మనకు ఎప్పటికీ తెలియడం లేదు.

హైదరాబాదులో 1961లో పెట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ లాంటి చోట్ల ఈ పనికి వేరే పద్ధతులు వాడతారు. నేలలో కడ్డీలు పాతి కరెంటు పంపి, రాయి ఎంత అడ్డుపడుతోందో కొలుస్తారు. తడి ఉన్న పగుళ్ళు తక్కువ అడ్డుపడతాయి. అది కూడా వందకు వంద గ్యారంటీ ఏమీ ఇవ్వదు. కానీ ఆ అంకె కొలిచేవాడి ఆశను బట్టి మారదు. కొక్కెం ఉన్న లోలకం లాంటిది అది.

ఇక లోలకాన్ని పోలికగా వాడే మాట ఒకటి చెప్పి ముగిస్తాను. మన ప్రాంతంలో కరువు గురించి మాట్లాడేటప్పుడు పెద్దలు తరచూ 'ఒక ఏడు పోతే ఒక ఏడు వస్తుంది' అంటారు. శెనక్కాయ ధర గురించి కూడా అదే మాట. అటుపోయింది ఇటు రాక తప్పదు అన్న నమ్మకం, లోలకం మీద పెట్టుకున్న నమ్మకం. వానకు అది కొంతవరకు నిజం. భూగర్భ జలానికి మాత్రం కాదు. లోలకాన్ని వెనక్కి తెచ్చేది భూమి ఆకర్షణ. కిందికి పోయిన నీటిమట్టాన్ని వెనక్కి తెచ్చే శక్తి ఏదీ దానంతట అది పనిచేయదు. వాన నీరు ఇంకాలి, చెరువు నిలవాలి, తోడేది తగ్గాలి. తాతల నాటి బావి ముప్పై నలభై అడుగులు. ఈనాటి బోరు వెయ్యి అడుగులకు పోతోంది. దీన్ని ఊగిసలాట అనలేం, ఒకే వైపు జారడం. పైగా రాళ్ళలో ఎక్కువకాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడు చేరుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. మచ్చలు పడ్డ పళ్ళు, వంగిన మోకాళ్ళు మన తాలూకాలో ఎవరికీ కొత్త కాదు.

మన వల్లూరుతో పాటు తిరుమణి, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు భూముల్లో 13 వేల ఎకరాల సోలార్ పార్కు వచ్చింది. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయల కౌలు, రెండేళ్ళకొకసారి కొంత పెంపు. భూమి అమ్ముకోకుండా చేతికి డబ్బు వచ్చే ఏర్పాటు. నచ్చినవాళ్ళున్నారు, నచ్చనివాళ్ళున్నారు. సెంటు భూమి లేక కూలి పోగొట్టుకున్నవాళ్ళ బాధ వేరే ఉంది, దాని మీద ఇంకోసారి రాస్తాను. ఇప్పుడు అడుగుతున్నది ఒక్కటే. ఆ కౌలు డబ్బుతో మిగిలిన రెండెకరాల్లో ఇంకో బోరు వేద్దామా అని ఎన్నో ఇళ్ళలో మాటలు నడుస్తున్నాయి. మూడేళ్ళ కౌలు ఒక్క పగలు రాయి దుమ్ముగా లేచిపోవచ్చు. ఆ నిర్ణయం ఎవరి వేళ్ళ మధ్య వేలాడుతోందో ఒక్కసారి చూసుకోండి.

సంఘం తరఫున మనం చేయగలిగిన పని ఒకటి ఉంది. పైసా ఖర్చు లేనిది. ఊరికొక నోటుపుస్తకం పెడదాం. వేసిన ప్రతి బోరుకూ ఒక వరుస: ఏ ఏడాది, ఎక్కడ, ఎన్ని అడుగులు, నీళ్ళు ఎన్ని అడుగుల దగ్గర తగిలాయి, ఎన్ని అంగుళాలు వచ్చాయి, ఎన్నేళ్ళు నిలిచాయి. చోటు ఎలా ఎంచారో కూడా రాద్దాం. టెంకాయా, పుల్లా, గుండా, మిషనా, లేక పక్క పొలం చూసి అనుకున్నదా. చూపినవారి పేరు అక్కరలేదు, పద్ధతి చాలు. ముఖ్యంగా ఎండిపోయిన బోర్లను వదలకుండా రాయాలి. అవి రాయకపోతే పుస్తకం కూడా చేతిలో ఊగే గుండు లాంటిదే అవుతుంది.

బెంగళూరులో ఉన్న సభ్యులు తమ తమ పొలాల వివరాలు ఇంటి పెద్దలను అడిగి తెలుసుకోండి. నలభై యాభై ఏళ్ళ నాటి బావులు గుర్తున్నవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ళు ఉండగానే అడగాలి. చదువుకునే పిల్లలు ఎవరైనా ముందుకొస్తే ఆ పుస్తకాలను ఒక పటం మీదికి ఎక్కించవచ్చు. ఒక్కో ఊరికి నూరు బోర్ల వివరాలు దొరికినా ఏ పద్ధతి పలికిందో, ఏ పక్క నేల పలికిందో అంకెలే చెబుతాయి. వచ్చే సమావేశానికి వల్లూరు పుస్తకం మొదటి పేజీ నేను తెస్తాను. మిగతా ఊళ్ళవాళ్ళు కూడా తెస్తే బాగుంటుంది.